నాన్నా, బండల లెక్క చూసి చెప్పు

లెస్టర్, ఇంగ్లండ్,
ఏప్రిల్ 3

నాన్నకి, అమ్మకి,

ఇక్కడ మేమంతా క్షేమం. డ్యూటీలు మామూలే, ఈ నెల రాత్రులు తక్కువ పడ్డాయి. మొన్న ఉత్కళ దినం, అదే ఒడిశా అవతరణ దినం, సెలవని చెల్లి పిల్లలు ఇంటినిండా ఉన్నారు, ఫోన్లో ఎవరి మాట ఎవరికీ వినిపించలేదు. అందుకే రాస్తున్నాను. వెనక పెరట్లో బండలు వేస్తున్నామని చెప్పిన దగ్గర్నుంచీ అమ్మ నాతో సరిగా మాట్లాడటం లేదు. ఎదురింటి మావుసితో "రాయి పరిచిందంటే ఇంక అక్కడే ఉండిపోతుంది" అని ఏడ్చిందట కదా, చెల్లి చెప్పింది.

అమ్మా, బండలు వేసుకున్నంత మాత్రాన నేను మీకు దూరమైపోను. రథయాత్ర అయ్యాక మీరిద్దరూ వస్తున్నారు. వంటగది గుమ్మం దిగితే అంతా బంకమట్టి, చినుకు పడితే చెప్పు లోపలికి దిగిపోతుంది. నాన్న మోకాలుతో ఆ మట్టిలో ఎలా నడుస్తాడు? పొద్దున్నే కుర్చీ వేసుకుని ఎండలో కూర్చోవాలి కదా. అందుకోసమే ఇదంతా.

నాన్నా, ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడ బండలన్నీ ఒకే కొలతలో కాకుండా నాలుగు కొలతలు కలిపి అమ్ముతారు. ఇసుకరాయే, అదీ మన రాజస్థాన్ నుంచి ఓడలో వచ్చినది. కొలతలు మిల్లీమీటర్లలో 845కి 560, 560కి 560, 560కి 275, 275కి 275. ఇవేం అంకెలో మొదట నాకు అర్థం కాలేదు. రాత్రి కూర్చుని కూడితే తెలిసింది. చిన్న రాళ్ళు రెండు పక్కపక్కన పెట్టి మధ్యలో 10 మిల్లీమీటర్ల సందు వదిలితే సరిగ్గా 560 అవుతుంది. ఆ 560 పక్కన సందు వదిలి ఇంకో చిన్న రాయి పెడితే 845. సందు కూడా లెక్కలో కలిపే కోశారు! నువ్వు ఇటుకకి సిమెంటు మాలు మందం కలిపి వరసలు లెక్కగట్టేవాడివి, అచ్చం అలాగే.

అందుకని గళ్ళ కాగితం తీసుకున్నాను. ఒక గడి అంటే ఒక చిన్న రాయి, దాని సందు. పెద్ద రాయి మూడు గళ్ళకి రెండు, నలుచదరం రెండుకి రెండు, సగం రాయి రెండుకి ఒకటి. మన జాగా పొడవు 16 గళ్ళు, వెడల్పు 12. అంటే నీ లెక్కలో 15 అడుగులకి 11 అడుగుల చిల్లర. అట్టముక్కలు కత్తిరించి, నాలుగు రంగులు పూసి, చిన్నోడూ నేనూ భోజనాల బల్ల మీద పరిచాం. పెద్దవి 14, నలుచదరాలు 13, సగాలు 16, చిన్నవి 20. ఒక నలుచదరమంత చోటు ఖాళీగా వదిలాను, బంతి నారు వేస్తాను. తులసి మాత్రం బయట బతకదమ్మా, చలికి మాడిపోతుంది. అది వంటగది కిటికీలోనే ఉంది, బాగానే ఉంది.

పరవడం తేలికే అనుకున్నాను గానీ మూడు రాత్రులు పట్టింది. నాలుగు రాళ్ళ మూలలు ఒక్కచోట కలవకూడదు. కలిస్తే అక్కడ కూడిక గుర్తులా పడి, కన్ను నేరుగా దాని మీదికే పోతుంది. ఒకే సందు తిన్నగా మూడు రాళ్ళు దాటి పోకూడదు. "అతుకు మీద అతుకు పడితే గోడ కాదు" అని కూలీల మీద నువ్వు అరిచిన మాటే ఇక్కడ నేలకీ పనికొచ్చింది. ముందు పెద్దవి దూరదూరంగా పెట్టి, వాటి చుట్టూ నలుచదరాలు నింపి, చిన్నవి ఆఖరికి దాచుకుంటే కుదురుతోంది. చిన్నోడికి చిన్న రాళ్ళన్నీ ఒక మూలకి చేరిస్తేనే ఇష్టం. వాడు నిద్రపోయాక సర్దాను.

నీళ్ళు పోయే వాటం గోడ నుంచి తోట వైపుకి, అయిదడుగులకి అంగుళం. ఈ చివర నుంచి ఆ చివరకి రెండుంపావు అంగుళాలు దిగుతుంది. ఇక్కడి గోడల్లో నేల తేమ పైకెక్కకుండా ఒక పొర వేస్తారు. బండ పైభాగం దానికి ఆరంగుళాలు కిందనే ఉండాలి, లేకపోతే వాన చినుకులు ఎగిరి గోడకి చెమ్మ పడుతుంది. కింద నాలుగంగుళాల కంకర వేసి దిమ్మిస కొట్టడం మీ అల్లుడి పని. నడుము జాగ్రత్త అంటే వినడు.

మీకొకటి చెప్పలేదు. కిందటి ఏడాది వీధి గుమ్మం ముందు బండలు ఒక మనిషి చేత వేయించాం. రాయి కింద అయిదు చోట్ల ముద్దలు పెట్టి దాని మీద బండ పడేసి పోయాడు. తాపీ కామతో తడితే డొల్ల మోత. ఖాళీల్లో నీళ్ళు చేరి, మంచుకి గడ్డకట్టి మూడు రాళ్ళు లేచాయి. జనవరిలో నైట్ డ్యూటీ నుంచి వస్తూ వాటి మీదే జారాను. మణికట్టు బెణికింది, అంతే, ఎముకకేం కాలేదు. పది రోజుల్లో తగ్గిపోయింది. కంగారు పడకండి. అప్పుడే చెబితే అమ్మ నిద్రపోదని చెప్పలేదు. ఈసారి అడుగంతా మాలు పరిచి, రాయి వెనక సిమెంటు పాలు పూసి మేమే వేస్తాం. నువ్వు పెట్టెలో పెట్టి పంపిన తాపీతోనే వేస్తాను. కామ మీద నీ బొటనవేలు అరగదీసిన గుంట ఉంది కదా, నా వేలు అందులో సరిగ్గా కూర్చోదు గానీ పట్టు బాగానే దొరుకుతోంది.

చెల్లి కూతురు తెలుగు అక్షరాలు నేర్చుకుంటోందా? బడిలో ఎలాగూ ఒడియానే, ఇంట్లోనైనా రోజుకో పేజీ రాయించమనండి. పోయినసారి దాని ఉత్తరం మూడుసార్లు చదివాను.

మన నూతి దగ్గర పాచి పట్టిన చోటు గీయించారా? నాన్న మళ్ళీ అక్కడ జారితే నేను ఊరుకోను. అక్కడికి పాతపట్నం నుంచి నునుపు చేయని గరుకు నాపరాళ్ళు తెప్పించండి, డబ్బు నేను పంపుతాను. నీళ్ళు కొబ్బరిచెట్టు వైపు పోయేలా వాటం చూడు. చోటు కొలిచి పంపితే దానికీ కాగితం మీద వేసి ఇస్తాను. మహేంద్రతనయ నది పొంగే రోజులు రాకముందే అయిపోవాలి.

కాగితం ఫోటో చెల్లి ఫోనుకి పంపాను. ఎడమవైపు నుంచి అయిదో వరసలో సందు నాలుగు రాళ్ళ దాకా తిన్నగా పోతోంది, ఎలా తిప్పినా విరగటం లేదు. పెన్సిలుతో గీసి చూపించు. ఇంకొకటి, గుమ్మం ఎదురుగా పెద్ద రాయి నిలువుగా వెయ్యనా, అడ్డంగానా? మీ అల్లుడు నిలువంటున్నాడు. నువ్వు చెప్పినట్టు చేస్తాను. వచ్చే శనివారం మాలు కలుపుతాం, ఆలోగా చెప్పు.

మీ పెద్దమ్మాయి