ఒక్క లెక్క చాలు

అమ్మలూ,

నిన్న ఫోన్లో "నాకసలు విల్‌పవర్ లేదు నాన్నా" అన్నావు. అప్పటికి ఊరుకున్నాను కానీ ఆ మాట నాకు మింగుడుపడలేదు. పొద్దున్నే హాస్టల్ ఇడ్లీ తిని, మెట్రోలో నిలబడి ఆఫీసుకెళ్ళి, సాయంత్రం దాకా ఆడిట్ ఫైళ్ళతో కుస్తీ పట్టే పిల్లవి. సీఏ ఆర్టికల్‌షిప్ ట్రైనింగ్ ఒక్కరోజు ఎగ్గొట్టవు. గదికొచ్చాక సీఏ ఫైనల్ పుస్తకం మాత్రం తెరవలేకపోతున్నావు. పగలున్న పట్టుదల రాత్రికి ఎక్కడికి పోతుందే? ఆఫీసులో టైముంది, నీకో కుర్చీ ఉంది, రాకపోతే అడిగేవాళ్ళున్నారు. గదిలో అవేవీ లేవు.

మీ బాబాయిని చూడు. ఏడాది పొడుగునా సిగరెట్ మానేస్తానంటాడు, మానడు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాడంటే 41 రోజులూ దాని జోలికి పోడు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, నల్లబట్టలు. సందు చివర బడ్డీకొట్టు వాడు కూడా "స్వామీ" అనే పిలుస్తాడు. అలా పిలిచేవాణ్ణి సిగరెట్ ఇమ్మని ఏ మొహంతో అడుగుతాడు? శబరిమల వెళ్ళొచ్చి మాల తీసిన వారానికల్లా మళ్ళీ అదే కొట్టు దగ్గర తేలతాడు. భక్తి తగ్గిందని మీ పిన్ని సణుగుడు. నాకలా అనిపించదు. భక్తి ఎక్కడికీ పోలేదు, ఆ వేళలూ ఆ బట్టలూ ఆ పిలుపూ పోయాయి.

లండన్లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ అనే ఆవిడ, ఆవిడ తోటివాళ్ళు 96 మందిని గమనించి 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. మధ్యాహ్నం భోజనంతో ఒక పండు తినడం లాంటి చిన్న పని, రోజూ ఒకే సందర్భంలో చేస్తే ఎన్నాళ్ళకు అలవాటవుతుందని చూశారు. అటూఇటూగా 66 రోజులు. ఒకరికి 18 సరిపోతే ఇంకొకరికి 254 పడుతుందని లెక్క తేలింది. 21 రోజుల్లో మారిపోతావని యూట్యూబులో ఊదరగొట్టేవాళ్ళను అందుకే నమ్మకు. నాకు బాగా నచ్చింది వేరే ఉంది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టమేం లేదట. నువ్వేమో సోమవారం తప్పితే వారమంతా గాలికొదిలేసి "వచ్చే వారం నుంచి గట్టిగా" అంటావు. నీ నోట ఆ "గట్టిగా" వింటే నాకు భయం.

దసరా ముందు మీ అమ్మ దగ్గర జాకెట్లు ఎలా కుప్పపడతాయో తెలుసుగా. ఎంత అలసిపోయినా పడుకునేముందు ఒక జాకెట్ కత్తిరించి, లైనింగ్ జతచేసి, ఆ రంగు దారం బాబిన్‌కి చుట్టి మిషన్ మీద పెట్టేస్తుంది. పొద్దున కాఫీ తాగి కూర్చోగానే కాలు ఆడుతుంది. ముందు ఏది కుట్టాలి, దారం ఎక్కడుంది అని వెతుక్కునే పనే లేదు.

నువ్వూ ఆఫీసుకు బయల్దేరేముందు ఒక్క లెక్క ఎంచుకుని, పుస్తకం ఆ పేజీలోనే తెరిచి, పక్కన కాగితం, క్యాల్క్యులేటర్ పెట్టి వెళ్ళు. రాగానే మొహం కడుక్కుని, మంచమెక్కకుండా కుర్చీలో కూర్చో. ఫోన్ రూమ్మేట్ చేతికియ్యి. ఒక్క లెక్క చెయ్యి, ఇంకోటి చెయ్యాలనిపిస్తే నీ ఇష్టం. రోజుకు నాలుగు గంటలంటూ గోడకు అంటించిన టైంటేబుల్ చింపెయ్యి, దాన్ని చూస్తేనే నీకు నీరసం వస్తోంది.

అడిగినవాళ్ళందరికీ సరే అనడం కూడా తగ్గించు. స్నేహితురాలి సంగీత్‌కి డాన్స్ ప్రాక్టీసు, ఆఫీసులో పక్కవాళ్ళ టాలీ ఎంట్రీలు, అన్నీ ఒప్పుకుని ఆనక మొహం చాటేస్తున్నావు. మొదట్లోనే కుదరదంటే వాళ్ళ దారి వాళ్ళు చూసుకుంటారు.

లెక్క అయ్యాక ఆ పేజీ ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. రాకపోతే ఏమైందని అడుగుతా, తిట్టను. తప్పొప్పులు మాత్రం నన్నడక్కు. సోషల్ మాస్టారికి డెబిట్ ఏదో క్రెడిట్ ఏదో ఏం తెలుస్తుంది!

మీ నాన్న