పారిష్ కౌన్సిల్‌కు కాదనే అధికారం లేదు

సంపాదకులు గారికి,

ఇంగ్లండ్‌లోని స్థానిక పాలన గురించి ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో, అక్కడి పల్లెల్లో పారిష్ కౌన్సిల్ ఒప్పుకోనిదే ఎవరూ ఇల్లు కట్టలేరని రాశారు. పదకొండేళ్లుగా ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని ఒక చిన్న ఊళ్లో ఉంటూ, వీలైనప్పుడల్లా మా కౌన్సిల్ సమావేశాలకు వెళ్తున్నవాడిగా ఆ మాటను సరిదిద్దడం నా బాధ్యత అనుకుంటున్నాను.

పారిష్ అనే పేరు చర్చి నుంచి వచ్చినా, 1894 నాటి చట్టంతో ఏర్పడిన ఈ కౌన్సిళ్లకు మతంతో సంబంధం లేదు. మన గ్రామ పంచాయతీల్లాగే ఇవి అట్టడుగు అంచెలోని ఎన్నికైన సంస్థలు. ఇంగ్లండ్‌లో సుమారు 10 వేలు ఉన్నాయి. అయితే కట్టడాలకు అనుమతి ఇచ్చేది వీటిపైనున్న జిల్లా కౌన్సిల్, లేదా కొన్నిచోట్ల యూనిటరీ కౌన్సిల్ (జిల్లా, కౌంటీ అనే రెండు అంచెల పనులనూ ఒక్కటే చూసే సంస్థ). తన పరిధిలోని దరఖాస్తుల సమాచారం కావాలని పారిష్ కౌన్సిల్ కోరితే పై కౌన్సిల్ తెలియజేసి తీరాలి, 21 రోజుల్లోగా వచ్చే అభిప్రాయాన్ని పరిగణనలోకి తీసుకోవాలి, కానీ దానికి కట్టుబడనక్కరలేదు. అనుమతి నిరాకరిస్తే దరఖాస్తుదారు అప్పీలు చేసుకోవచ్చు. అనుమతి ఇచ్చేస్తే మాత్రం పారిష్ కౌన్సిల్‌కు గానీ ఇరుగుపొరుగుకు గానీ ఆ దారి లేదు, న్యాయ సమీక్ష కోసం హైకోర్టుకు వెళ్లడం ఒక్కటే మిగులుతుంది, ఆ ఖర్చు చిన్న ఊరు భరించగలిగేది కాదు. ఈ ఏర్పాటు న్యాయంగా లేదని నా అభిప్రాయం.

అలాగని పారిష్ కౌన్సిల్ మాటకు విలువ లేదనుకోవడమూ పొరపాటే. మా ఊరి చివరి పొలంలో ఇళ్లు కట్టడానికి దరఖాస్తు వచ్చినప్పుడు విలేజ్ హాల్ నిండిపోయింది. మొదట మాట్లాడినవారంతా తమ కిటికీలోంచి కనిపించే పచ్చదనం పోతుందని, తమ ఇళ్ల ధరలు పడిపోతాయని బాధపడ్డారు. ఆ రెండూ ప్లానింగ్ నిర్ణయంలో లెక్కలోకి రావని, దారిలో భద్రత, వరద, మురుగునీరు, పక్కింటికి వెలుతురు తగ్గడం లాంటివే వస్తాయని కౌన్సిల్ క్లర్క్ ఓపికగా వివరించారు. అప్పుడు ఒక వృద్ధ రైతు లేచి, చలికాలపు వానలకు ఆ పొలం పక్కనున్న సందు మునిగిన ఫొటోలను తేదీలతో సహా చూపించారు. కౌన్సిల్ వాటిని జతపరిచి రెండు పేజీల లేఖ పంపింది. ఇళ్లకు అనుమతి వచ్చింది, కానీ వాననీటి పారుదల ఏర్పాటుకు ఆమోదం పొందాకే పని మొదలుపెట్టాలన్న షరతు కూడా వచ్చింది. ఆ ఫొటోలు లేకపోతే ఆ షరతు వచ్చేది కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆయనకు ఊరి పల్లం ఎటో తెలుసు. ఎక్కడో కూర్చుని పటం గీసినవారికి అది తెలియదు.

ఇంతకంటే బలమైన సాధనం 2011 నాటి లోకలిజం చట్టం ఇచ్చిన నైబర్‌హుడ్ ప్లాన్. ఇళ్లు ఎక్కడ రావచ్చో ఊరే ప్రణాళిక రాసుకుని, పరిశీలన తర్వాత ఓటింగ్‌లో సగానికి మించి మద్దతు పొందితే, అది ఆ ప్రాంతపు అధికారిక ప్రణాళికలో భాగమై, దరఖాస్తులను దానికి అనుగుణంగానే నిర్ణయించాల్సి వస్తుంది. అయినా అదీ అంతిమ కవచం కాదు, బలమైన ఇతర కారణాలుంటే పక్కన పెట్టవచ్చు.

ఇంగ్లండ్‌లో స్థిరపడిన మనవారికి ఒక విషయం చెప్పాలి. భారత పౌరులు కామన్‌వెల్త్ పౌరులు గనుక, వర్క్ వీసా మీద ఉన్నవారు కూడా అక్కడ చట్టబద్ధంగా నివసిస్తుంటే పేరు నమోదు చేసుకుని స్థానిక ఎన్నికల్లో, ఈ ప్లాన్‌ల ఓటింగ్‌లో పాల్గొనవచ్చు. కొత్త కాలనీల్లో ఇళ్లు కొనుక్కుంటున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నా, మా కౌన్సిల్ సమావేశాల్లో నాకు ఇంతవరకు మరో తెలుగు ముఖం కనిపించలేదు. బడి చాలడం లేదని, బస్సు రావడం లేదని వాట్సాప్ గ్రూపుల్లో రాసుకునే మాటల్నే ఆ 21 రోజుల్లో కౌన్సిల్ ముందు పెడితే అవి రికార్డులోకి ఎక్కుతాయి.

ఇక మన ఊళ్ల సంగతి. ఊరి పక్క పొలంలో లేఅవుట్ వేస్తున్నారని మా బంధువులకు ఎప్పుడూ హద్దురాళ్లు పాతాకే తెలిసింది. 2020లో తెలంగాణలో అనధికార లేఅవుట్ల క్రమబద్ధీకరణకు సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయంటే, అనుమతి ఉందో లేదో తెలియకుండానే ఎంతమంది డబ్బు పెట్టారో ఊహించవచ్చు. పారిష్ కౌన్సిల్ నుంచి మనం తెచ్చుకోవలసింది లేని అధికారం కాదు, ముందుగా తెలియజేసే పద్ధతి. లేఅవుట్ దరఖాస్తు అందిన వెంటనే సర్వే నంబరు, దారి వెడల్పు, కాలువ, ఖాళీ స్థలం వివరాలతో పంచాయతీ కార్యాలయం గోడమీద నోటీసు అంటించాలని, 21 రోజుల గడువిచ్చి గ్రామసభలో అభిప్రాయాలు నమోదు చేయాలని, వాటిని కాదన్నప్పుడు కారణం రాతపూర్వకంగా చెప్పాలని రెండు రాష్ట్రాల పంచాయతీరాజ్ శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
ఆక్స్‌ఫర్డ్‌షైర్, ఇంగ్లండ్