ఎయిర్ పిస్టల్ కొనుగోలుకు అడ్డుపడిన మీ చెల్లింపు, డెలివరీ నిబంధనలపై ఫిర్యాదు

హనుమకొండ

చెల్లింపుల కంపెనీ ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,
కొరియర్ కంపెనీ ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: లైసెన్స్ అక్కర్లేని క్రీడా ఎయిర్ పిస్టల్‌కు కట్టిన డబ్బు ఆపడం, నా దుకాణం ఖాతాను నిలిపివేయడం, ఆ తర్వాత పార్సిల్‌ను తిప్పి పంపడం గురించి.

అయ్యా,

మీ రెండు కంపెనీలకూ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. డబ్బు ఎందుకు ఆగిందని ఒకరిని అడిగితే ‘ఆ వస్తువు అలాంటిది’ అన్నారు. వస్తువు ఎందుకు ఆగిందని ఇంకొకరిని అడిగితే ‘మా పాలసీ అంతే’ అన్నారు. ఆ వస్తువు ఏమిటో, దాని గురించి చట్టం ఏం చెబుతుందో మీలో ఎవరూ చూడలేదు. ఫోన్లు చేసి, మెయిళ్లు పెట్టి, నెలన్నర తిరిగిన తర్వాతే ఇది రాస్తున్నాను.

నాకు హనుమకొండలో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. మూడేళ్లుగా పది మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. మందుగుండుతో కాకుండా గాలి ఒత్తిడితో చిన్న సీసం ముక్కను పది మీటర్ల దూరంలోని గురికి కొట్టే ఆట ఇది. శని, ఆదివారాల్లో తెల్లవారకముందే ఇద్దరం బస్సెక్కి హైదరాబాద్‌లో రేంజ్‌కు వెళ్తాం, రాత్రికి తిరిగొస్తాం. ఇన్నాళ్లూ క్లబ్ పిస్టల్‌తోనే నెట్టుకొచ్చింది. ఆ పిస్టల్ గ్రిప్ పెద్దవాళ్ల చేతికి సరిపోయేది. మా అమ్మాయి చెయ్యి చిన్నది. ఈ ఆటలో గ్రిప్ అంటే ఊరికే పట్టుకునే పిడి కాదు. అరచేతికి అచ్చుగుద్దినట్టు కూర్చోవాలి. పది మీటర్ల దూరంలో కొట్టాల్సిన పది పాయింట్ల వలయం అడ్డంగా 11.5 మిల్లీమీటర్లు. 75 నిమిషాల్లో అలాంటి షాట్లు అరవై కొట్టాలి. మణికట్టు వెంట్రుకవాసి తిరిగినా పది కాస్తా ఎనిమిది అవుతుంది. ‘ఇక సొంత పిస్టల్ కొనండి, లేకపోతే తప్పుడు పట్టు అలవాటైపోతుంది’ అని కోచ్ గారు గట్టిగా చెప్పారు. అందుకే చిట్టీ ఎత్తి 1,52,000 రూపాయలు సర్దాను.

ఇక చట్టం సంగతి. మనది 1959 నాటి ఆయుధాల చట్టం. మందుగుండుతో పేలే తుపాకీకి లైసెన్స్ లేకపోతే అది నేరం, అందులో రెండో మాట లేదు. 2019లో చేసిన సవరణతో లైసెన్స్ ఉన్నవాళ్లు కూడా రెండు తుపాకులకు మించి ఉంచుకోకూడదన్నారు. అంతకుముందు మూడు ఉండేవి. ఇంత కట్టుదిట్టంగా ఉండే చట్టమే ఎయిర్‌గన్‌ను వేరుగా చూసింది. 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, 0.177 అంగుళాలు (4.5 మిల్లీమీటర్లు) దాటకుండా, శక్తి 20 జౌళ్లు మించకుండా ఉన్న ఎయిర్‌గన్‌కు కొనేవాళ్లు లైసెన్స్ తీసుకోనక్కర్లేదు. మేం కొన్నది 4.5 మిల్లీమీటర్ల బోరుది. దాని శక్తి ఆ 20 జౌళ్లలో సగం కూడా ఉండదు. అమ్మిన పుణె డీలర్‌కు లైసెన్స్ ఉంది. ఆయన నా ఆధార్, చిరునామా రుజువు, అమ్మాయి క్లబ్ సభ్యత్వ కాగితం తీసుకుని, నా పేరు మీద బిల్లు రాశాకే డబ్బు కట్టడానికి లింక్ పంపారు.

ముందుగా చెల్లింపుల కంపెనీ వారికి. జూన్ 9న ఆ లింక్ ద్వారా నెట్ బ్యాంకింగ్‌తో డబ్బు కట్టాను. నా ఖాతాలో తగ్గింది, డీలర్‌కు మాత్రం చేరలేదు. మరునాడు ‘నిషేధిత వర్గానికి చెందిన లావాదేవీ, పరిశీలనలో ఉంది’ అని మెసేజ్ వచ్చింది. అక్కడితో ఆగి ఉంటే ఈ ఉత్తరం ఇంత పొడుగు ఉండేది కాదు. మా దుకాణంలో కౌంటర్ మీద ఉన్న క్యూఆర్ కోడ్ కూడా మీదే. జూన్ 11 నుంచి దాని ద్వారా వచ్చిన డబ్బు నా ఖాతాలో పడటం ఆగిపోయింది. ప్రతి రాత్రీ పడాల్సిన డబ్బు అది. బల్బు కొన్న వాళ్లు, ఫ్యాన్ రెగ్యులేటర్ కొన్న వాళ్లు, మోటారు స్టార్టర్ కొన్న రైతులు కట్టిన డబ్బు నాలుగు రోజులు మీ దగ్గరే ఉండిపోయింది. ఆ నాలుగు రోజుల్లోనే నేను వరంగల్ హోల్‌సేల్ వ్యాపారికి బాకీ కట్టాల్సి ఉంది. ఇరవై రెండేళ్లలో ఆయనకు నేను చెప్పిన గడువు దాటలేదు. ఈసారి దాటింది. కారణం ఏం చెప్పను? ‘పిస్టల్ కొన్నానని నా ఖాతా ఆపారు’ అని చెబితే వినేవాళ్లు ఏమనుకుంటారో మీరే ఆలోచించండి. నేను చెప్పలేదు. సర్వర్ సమస్య అని అబద్ధం చెప్పాను. అది ఇప్పటికీ నా మనసులో ముల్లులా ఉంది.

కస్టమర్ కేర్‌కు పదకొండు సార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ కొత్త మనిషి, కొత్త టికెట్ నంబరు. ఒకరు ‘తుపాకీ కదా సార్’ అన్నారు. డీలర్ లైసెన్స్ కాపీ, బిల్లు, నిబంధనల కాపీ పంపుతాను, చదవండి అన్నాను. ఆ కాగితాలు తీసుకునే మెయిల్ చిరునామా తమ దగ్గర లేదన్నారు. డబ్బు జూన్ 30న వెనక్కి వచ్చింది. 21 రోజులు. ఎందుకు ఆపారో, ఏ నిబంధన కింద ఆపారో, నా దుకాణం ఖాతాకూ దీనికీ సంబంధం ఏమిటో ఈ రోజు వరకూ ఒక్క వాక్యం రాసివ్వలేదు.

మీ వెబ్‌సైట్‌లో ఉన్న నిషేధిత జాబితా మొత్తం చదివాను. ‘తుపాకులు, ఆయుధాలు, మందుగుండు’ అని ఒకే వరుసలో ఉంది. దొంగచాటుగా అమ్మే నాటు తుపాకీ, పది మీటర్ల పోటీలో వాడే ఎయిర్ పిస్టల్ ఆ వరుసలో ఒకటే. పెల్లెట్ అంటే అర గ్రాము సీసం ముక్క. అందులో మందు లేదు, పేలేది ఏమీ లేదు. చట్టం కష్టపడి గీసిన గీతను మీ జాబితా చెరిపేసింది. ఒక ప్రైవేటు కంపెనీగా ఎవరితో వ్యాపారం చేయాలో నిర్ణయించుకునే హక్కు మీకు ఉంది, ఒప్పుకుంటాను. అయితే వద్దనుకుంటే డబ్బు తీసుకోకముందే వద్దనాలి. తీసుకుని మూడు వారాలు ఉంచుకోవడం, చట్టం ప్రకారం నడుచుకున్న మనిషిని అనుమానితుడిలా చూడటం ఆ హక్కులోకి రావు.

ఇప్పుడు కొరియర్ కంపెనీ వారికి. డబ్బు వెనక్కి వచ్చిన మర్నాడే బ్యాంకుకు వెళ్లి నెఫ్ట్ ద్వారా డీలర్‌కు పంపాను. మీ పుణె బ్రాంచిలో జూలై 3న ఆయన పార్సిల్ బుక్ చేశారు. లోపల ఏముందో దాచలేదు. పిస్టల్, ఖాళీ చేసి విడిగా కట్టిన ఎయిర్ సిలిండర్, 500 చొప్పున పది డబ్బాల పెల్లెట్లు అని స్పష్టంగా రాసి, బిల్లు, లైసెన్స్ కాపీ పైన అంటించారు. గాలి సిలిండర్‌ను విమానంలో పంపడానికి అభ్యంతరం ఉంటుందని తెలిసే, ఆలస్యమైనా ఫర్వాలేదని రోడ్డు మార్గం కోరుకున్నాం. మీ మనిషి అన్నీ చూసి, డబ్బు తీసుకుని రసీదు ఇచ్చాడు. పార్సిల్ జూలై 7న హైదరాబాద్ హబ్‌కు చేరింది. అక్కడే పన్నెండు రోజులు ఉంది.

పదో రోజున నేనే హబ్‌కు వెళ్లాను. గేటు దగ్గర ఉన్న కుర్రాడు మంచివాడు. లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి, ‘సార్, స్కానర్‌లో పిస్టల్ ఆకారం కనబడింది, పైవాళ్ల అనుమతి కావాలంట’ అన్నాడు. అతని తప్పేమీ లేదు. ఆ పైవాళ్లు ఎవరు అంటే అతనికీ తెలియదు. మూడు గంటలు ఎండలో నిలబడి, ఎవరూ రాకపోతే కాగితాలు అతని చేతికిచ్చి వచ్చేశాను. జూలై 19న ‘పంపినవారికి వాపస్’ అని మెసేజ్ వచ్చింది. తిరుగు ఛార్జీ 2,640 రూపాయలు కూడా డీలర్ దగ్గర వసూలు చేశారు, అది చివరికి నా మీదే పడింది. తీసుకెళ్లలేని వస్తువైతే పుణెలోనే వద్దనాల్సింది. అక్కడ తీసుకుని ఇక్కడ ఆపడం వల్ల నాకు పోయినవి పన్నెండు రోజులు కాదు, ఒక సంవత్సరం.

ఎందుకంటే జూలై 24న రాష్ట్ర స్థాయి పోటీ. మా అమ్మాయి మళ్లీ క్లబ్ పిస్టల్‌తోనే వెళ్లింది. నలభై షాట్ల దాకా బాగానే కొట్టింది. ఆ తర్వాత చెయ్యి అలిసిపోయి, గ్రిప్ కదలడం మొదలైంది. వెనక వరుసలో కూర్చున్న నాకే కనిపించింది. మూడు పాయింట్ల తేడాతో తర్వాతి దశ పోయింది. బస్సులో చాలాసేపు మాట్లాడలేదు. జనగామ దాటాక ‘నాన్నా, మనం ఏమైనా తప్పు చేశామా?’ అని అడిగింది. పోటీ గురించి కాదు, పార్సిల్ గురించి అడిగింది. పదహారేళ్ల పిల్లకు ఆ అనుమానం ఎందుకు రావాలి?

హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఎయిర్ రైఫిల్‌తోనే. 2024 పారిస్‌లో మను భాకర్‌కు కాంస్యాలు వచ్చింది ఇదే పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల నుంచి ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది, అందులో రెండు రజతాలు ఎయిర్ పిస్టల్‌వి. మా గోడ మీద ఆమె ఫొటో ఉంది. పెద్ద నగరాల్లో పెద్ద అకాడమీల పిల్లలకు ఎవరో ఒకరు సామాను తెచ్చిపెడతారు. హనుమకొండ, ఖమ్మం, ఒంగోలు లాంటి చోట్ల పిల్లలకు డీలరు పక్కవీధిలో ఉండడు. మాకు ఉన్న దారి ఆన్‌లైన్ చెల్లింపు, కొరియర్. ఆ రెండూ మూసేస్తే ఆట మూసినట్టే.

టెక్సస్‌లో ఉంటున్న మా బావమరిదికి ఇది చెబితే, అక్కడా ఇలాంటి గొడవలు ఉన్నాయన్నాడు. తుపాకీ దుకాణాలకు కార్డు లావాదేవీల్లో ప్రత్యేక కోడ్ ఉండాలని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఆమోదిస్తే, వీసా, మాస్టర్‌కార్డ్ 2023 మార్చిలో దాని అమలు ఆపాయి. కాలిఫోర్నియా ఆ కోడ్ వాడాల్సిందేనని చట్టం చేసింది, టెక్సస్, ఫ్లోరిడా వాడకూడదని చేశాయి. అవి నిజమైన తుపాకుల దుకాణాలు. అక్కడి పెద్ద కొరియర్ కంపెనీలు కూడా లైసెన్స్ ఉన్న డీలర్ల నుంచి షరతులు పెట్టి పార్సిళ్లు తీసుకుంటాయి. ఎవరి పక్షం వాళ్లకు ఉన్నా, అక్కడ నియమం ఏమిటో కొనేవాడికి ముందే తెలుస్తుంది. నాకు తెలియలేదు.

నేను అడిగేవి పెద్దవి కావు. నా లావాదేవీని, నా దుకాణం ఖాతాను ఏ నిబంధన కింద ఆపారో చెల్లింపుల కంపెనీ వారు రాతపూర్వకంగా చెప్పాలి. 21 రోజులకు వడ్డీ ఇవ్వాలి. లైసెన్స్ ఉన్న డీలర్లు అమ్మే, లైసెన్స్ అక్కర్లేని క్రీడా ఎయిర్‌గన్‌లను మీ జాబితాలో విడిగా చూపించాలి. ఒప్పుకోకపోతే లింక్ తెరవగానే ఆ మాట కనిపించాలి. కాగితాలు చదివి జవాబిచ్చే మనిషి ఒకరు ఉండాలి. కొరియర్ కంపెనీ వారు తిరుగు ఛార్జీ 2,640 రూపాయలు వెనక్కి ఇచ్చి, ఇలాంటి పార్సిల్‌కు ఏ కాగితాలు కావాలో, ఏ బ్రాంచిలో తీసుకుంటారో రాసివ్వాలి. తనిఖీ చేయండి, రెండుసార్లు చేయండి, నేనే వచ్చి సంతకం పెట్టి తీసుకుంటాను. ఆయుధాల విషయంలో జాగ్రత్త ఉండాలనే నేనూ కోరుకుంటాను, ఆ పిస్టల్ చేతికి వచ్చాక నా ఇంట్లోనూ తాళం వేసిన బీరువాలోనే ఉంటుంది.

చెల్లింపుల కంపెనీ నుంచి 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు రాస్తాను. పిస్టల్, పార్సిల్ సంగతి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద మా జిల్లా కమిషన్‌లో వేస్తాను. నేను ఉన్న చోటే ఫిర్యాదు చేసుకోవచ్చని ఆ చట్టం చెబుతోంది.

ప్రస్తుతం పిస్టల్ మళ్లీ పుణెలో డీలర్ దగ్గరే ఉంది. వచ్చే నెల మొదటి ఆదివారం దుకాణం మూసి నేనే వెళ్లి తెచ్చుకోవాలనుకుంటున్నాను. ఆలోపు తీసుకొస్తామని కొరియర్ కంపెనీ వారు రాసిస్తే ఆ ప్రయాణం మానుకుంటాను.

ఇట్లు,
ఒక షూటర్ తండ్రి,
హనుమకొండ

జతపరచినవి: బిల్లు, డీలర్ లైసెన్స్ కాపీ, క్లబ్ సభ్యత్వ కాగితం, బ్యాంకు స్టేట్‌మెంట్, కొరియర్ రసీదు, పదకొండు టికెట్ నంబర్లు.