డిశ్చార్జి సమ్మరీతో పాటు ఇంటి ఖర్చు కాగితం కూడా ఇవ్వాలి

సంపాదకులకు,

విజయవాడ సూర్యారావుపేటలో గానీ గుంటూరు కొత్తపేటలో గానీ పక్షవాతం వచ్చిన పెద్దాయన్ని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు కుటుంబం చేతిలో మూడు కాగితాలు పెడతారు: డిశ్చార్జి సమ్మరీ, మందుల చీటీ, ఫైనల్ బిల్లు. రేపటి నుంచి ఇంట్లో నెలకు ఎంతవుతుందో చెప్పే కాగితం మాత్రం ఎవరూ ఇవ్వరు. మంచాన పడినవాళ్ల ఇళ్లకు వెళ్లి డ్రెస్సింగులు, ఫిజియోథెరపీ చేసేవాళ్లం, ఆ ఇళ్ల పన్ను లెక్కలు చూసేవాళ్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. ఆ నాలుగో కాగితం ఆసుపత్రే రాసివ్వాలి. అందులో ఏముండాలో, ఎందుకుండాలో చెబుతాం.

ఇళ్లలో సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటే: "మనిషిని పెట్టుకుంటే ఎంత?" లెక్క అక్కడే తప్పుతుంది. ఉదాహరణకు కొన్ని ధరలు అనుకుందాం, ఎవరి వీధి ధర వాళ్లు వేసుకోవచ్చు. పగలు 12 గంటల కేర్‌టేకర్‌కు రోజుకు 700 అయితే నెలకు 21,000. లేవలేని మనిషికి రోజుకు నాలుగు డయాపర్లు, నెలకు 120. ఒక్కోటి 35 చొప్పున 4,200. కింద పరిచే అండర్‌ప్యాడ్లు రోజుకు రెండు, 20 చొప్పున 1,200. గ్లౌజులు, వైప్స్, ఒంటికి రాసే క్రీము కలిపి 1,000. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీ, 500 చొప్పున 12 సార్లకు 6,000. మందులు 4,000. మూత్రం గొట్టం చూడడానికి నర్సు రెండుసార్లు వస్తే 1,200. డాక్టరు ఇంటికి వస్తే 1,500. కరెంటు అదనం 500. మొత్తం 40,600 రూపాయలు. కేర్‌టేకర్ జీతం ఇందులో సగమే. జీతం ఎంతో తెలియగానే దాన్ని రెండింతలు చేసుకుంటే అసలు ఖర్చుకు దగ్గరగా వస్తారు.

ఇందులో తగ్గించుకోదగినవి ఉన్నాయి. మంచంలోనే ఉండేవాళ్లకు పక్కల అతికించే టేపు డయాపరు కావాలి. ప్యాంటులా తొడిగేది నడవగలిగేవాళ్లకు. దాని ధరా ఎక్కువ, పడుకున్న మనిషికి తొడగడమూ కష్టం. అయినా చాలామంది అదే కొనుక్కొస్తారు. మూత్రం గొట్టం మామూలు లేటెక్స్‌దైతే రెండు నుంచి నాలుగు వారాల్లో మార్చాలి. పూర్తి సిలికాన్‌దైతే డాక్టరు చెప్పినదాన్ని బట్టి 12 వారాల దాకా ఉంచవచ్చు. కొనేటప్పుడు సిలికాన్‌ది ఖరీదే. కానీ ప్రతి మార్పుకూ నర్సు ఫీజు, ఇన్ఫెక్షన్ భయం కలిపి చూస్తే అదే చవక.

"24 గంటల మనిషి" అన్న మాట దగ్గర ఆగి ఆలోచించాలి. కదల్లేని రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. రాత్రి పది గంటలకు పడుకోబెడితే పన్నెండుకు, రెండుకు, నాలుగుకు, ఆరుకు లేవాలి. ఆ పని చేసిన మనిషి మర్నాడు పగలు నిద్రపోక తప్పదు. ఒక్కరి జీతంతో రెండు డ్యూటీలు జరుగుతాయనుకున్న ఇంట్లో రాత్రి తిప్పడం మానేస్తారు, మూడో వారానికి నడుం కింద పుండు కనిపిస్తుంది. అందుకే రాత్రి డ్యూటీ ఇంట్లోవాళ్లదా, రెండో మనిషిదా అన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. ఏజెన్సీతో మాట్లాడేటప్పుడు నెలంటే 26 రోజులా 30 రోజులా, భోజనం ఎవరిది, రిజిస్ట్రేషన్ ఫీజు కాక అడ్వాన్సు ఎంత, అది తిరిగి ఇస్తారా, మనిషి మానేస్తే ఎన్ని రోజుల్లో ఇంకొకరిని పంపుతారు, సంక్రాంతి మూడు రోజులు ఎవరొస్తారు అన్నవి కాగితం మీద రాయించుకోవాలి. గొట్టాలు వేయడం, ఇంజెక్షన్లు, నరం ద్వారా సెలైన్ ఎక్కించడం నర్సు పని. ముక్కు గొట్టం ద్వారా ఆహారం పోయడం కేర్‌టేకర్‌కు నేర్పవచ్చు గానీ, గొట్టం వేయడం, అది కడుపులోకే వెళ్లిందో లేదో చూడడం నర్సే చేయాలి. జీతం కలిసొస్తుందని ఈ గీత చెరిపేస్తే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయి మళ్లీ ఐసీయూకే చేరతారు.

పుండ్లు రాకుండా ఎయిర్ బెడ్, అంటే మోటారుతో గాలి నింపే పరుపు కొంటారు. కొన్న ఇళ్లలోనూ చాలాచోట్ల అది పనిచేయదు. మోటారు మీదున్న నాబ్ రోగి బరువును బట్టి తిప్పుకోవడానికి. దాన్ని ఎక్కువలో పెట్టి వదిలేస్తే పరుపు బల్లలా గట్టిపడుతుంది. తక్కువలో పెడితే మనిషి కింది పరుపుకు తగులుతాడు. సరిగ్గా ఉందో లేదో చూడడానికి పరికరం అక్కర్లేదు. అరచేయి పైకి చూసేలా చదునుగా పెట్టి, ఎయిర్ బెడ్‌కు కిందనుంచి, తోకఎముక ఉండే చోటుకు జరపండి. చేతికీ ఎముకకూ మధ్య అంగుళం మందం గాలి ఉండాలి. ఎముక చేతికి తగిలితే గాలి చాలనట్టు. పైన దళసరి బొంత, దాని మీద ప్లాస్టిక్ షీటు, మళ్లీ మడతలు పడిన దుప్పటి వేస్తే పరుపు డబ్బులు వృథా. పలచని నూలు దుప్పటి ఒకటి, అవసరమైన చోట అండర్‌ప్యాడ్ చాలు. మోటారు 24 గంటలూ నడవాలి కాబట్టి ప్లగ్గు ఇన్వర్టర్ లైను మీద ఉండాలి. పరుపు ఉన్నా రెండు గంటలకోసారి తిప్పడం ఆపకూడదు.

గాలిలోంచి ఆక్సిజన్ వేరుచేసి ఇచ్చే మెషీను, ఆక్సిజన్ కాన్సంట్రేటర్, ఉన్న ఇంటి లెక్క వేరు. ఐదు లీటర్ల మెషీను దాదాపు 350 వాట్లు లాగుతుంది. రోజంతా నడిస్తే 8.4 యూనిట్లు, నెలకు 252. ఇంటి వాడకం 120 యూనిట్లు ఉండేదనుకుంటే అది 372కు చేరుతుంది. మన శ్లాబుల్లో 126 నుంచి 225 దాకా యూనిట్ 6 రూపాయలు, ఆపైన 400 దాకా 8.75. ఇంధన సర్దుబాటు, ఇతర చార్జీలు కాకుండానే 1,900 దాకా అదనం. కరెంటు పోయినప్పటికి సిలిండరు ఒకటి పక్కన ఉండాలి. చిన్న బీ టైపు సిలిండరులో సుమారు 1,500 లీటర్లుంటాయి. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పన్నెండున్నర గంటలు వస్తుంది. మెషీనైనా మంచమైనా కొనాలా, అద్దెకు తేవాలా అన్నది ఒక్క భాగహారంతో తేలుతుంది. ధర 30,000, నెల అద్దె 3,000 అయితే పది నెలలు. అంతకంటే ఎక్కువ కాలం అవసరమవుతుందా అన్న ప్రశ్నకు డాక్టరు దగ్గర సూటిగా జవాబు తీసుకోవాలి.

ఇక డబ్బు ఎక్కడిది? డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అయినా, 70 ఏళ్లు నిండిన అందరికీ ఆదాయంతో పని లేకుండా కేంద్రం 2024 అక్టోబరులో తెచ్చిన ఆయుష్మాన్ వయ వందన కార్డు అయినా ఆసుపత్రిలో చేరిన చికిత్సకే. ఆయుష్మాన్‌లో డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందుల దాకా లెక్కలోకి వస్తాయి. కేర్‌టేకర్, డయాపర్లు, ఎయిర్ బెడ్ ఏవీ రావు. ప్రైవేటు పాలసీల్లో కనిపించే "డొమిసిలియరీ" అన్న మాట చూసి భ్రమపడవద్దు. ఆసుపత్రిలో చేరాల్సినంత జబ్బుకు, చేరలేని పరిస్థితిలో ఇంట్లో చేసే చికిత్స అది. మంచం పక్కన మనిషిని పెట్టుకునే ఖర్చు కాదు.

ఇంటి ఖర్చుకు నేరుగా చేతికొచ్చే సర్కారు డబ్బు పింఛనే. ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధులకు నెలకు 4,000. పక్షవాతంతో మంచానికో వీల్‌చైరుకో పరిమితమైనవాళ్లకు 15,000. పైన వేసిన 40,600లో ఈ 15,000 మూడో వంతుకు పైనే. చాలా కుటుంబాలు 4,000 దగ్గరే ఆగిపోతున్నాయి, ఎందుకంటే పెద్ద పింఛనుకు ప్రభుత్వ ఆసుపత్రి ధ్రువీకరణ కావాలి, కదల్లేని మనిషిని ఆంబులెన్సులో తీసుకెళ్లాలి. 2025లో ఇదే 15,000 పింఛన్ల తనిఖీకి డాక్టర్ల బృందాలు ఇళ్లకే వచ్చాయి. తనిఖీకి రాగలిగిన డాక్టరు మంజూరుకూ రాగలడు.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని అధికారులు వెంటనే చూడాలి. వృద్ధాప్య పింఛను అర్హత చూసే ఆరు అంచెల వడపోతలో నెల సగటు కరెంటు వాడకం 300 యూనిట్లు దాటకూడదన్నది ఒక అంచె. ఏసీలున్న ఇంటిని పట్టుకోవడానికి పెట్టిన నిబంధన అది. కాన్సంట్రేటర్ నడుస్తున్న పేదింటి మీటరూ 372 చూపిస్తుంది. జబ్బు వల్ల పెరిగిన బిల్లే ఆ ఇంటిని ఉన్నవాళ్ల జాబితాలోకి నెడుతుంది. డాక్టరు చీటీ, మెషీను రసీదు చూసి ఆ యూనిట్లు తీసేసి లెక్కించే వీలు ఊళ్లో, వార్డులో ఉండే సచివాలయంలో ఉండాలి.

ఉద్యోగాలు చేసే పిల్లలు పన్నులో కొంత తిరిగి పొందవచ్చు. 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టంలో సెక్షన్ల నంబర్లు వేరు గనుక అందరికీ అలవాటైన పాత నంబర్లే రాస్తున్నాం. తమ మీద ఆధారపడిన తల్లికో తండ్రికో 40 శాతం వైకల్యం ఉంటే 80డీడీ కింద 75,000, 80 శాతం, అంతకు పైన ఉంటే 1,25,000 మినహాయింపు. నర్సింగ్‌తో సహా వైద్యానికి ఖర్చు చేసి ఉండాలి గానీ, ఎంత ఖర్చయిందన్నదానితో పని లేదు, మొత్తం స్థిరం. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు 1,25,000 మీద సెస్సుతో కలిపి 39,000 మిగులుతుంది. ప్రభుత్వ డాక్టర్లు వైకల్య శాతం తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఇక్కడ పనికొస్తుంది. ఆరోగ్య బీమా లేని పెద్దల వైద్య ఖర్చుకు 80డీ కింద 50,000 దాకా ఉంది, కానీ నగదుగా ఇస్తే చెల్లదు. మందుల షాపులోనూ ఫోన్‌పేతోనో కార్డుతోనో కట్టి బిల్లు పెద్దాయన పేరున తీసుకోండి. ఇవన్నీ పాత పన్ను విధానంలోనే. పిల్లలు అమెరికాలో ఉండి ఇక్కడ ఆదాయం లేకపోతే వాళ్లకు ఉపయోగం లేదు. అలాంటి ఇళ్లలో పింఛనుదారు తన రిటర్నులోనే సొంత వైకల్యానికి 80యూ, వైద్య ఖర్చుకు 80డీ చూసుకోవాలి.

సొంత పొదుపు విషయానికొస్తే, సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో గరిష్ఠం 30 లక్షలు, 2023 ఏప్రిల్ నుంచి వడ్డీ 8.2 శాతం. మూడు నెలలకు 61,500, అంటే నెలకు 20,500 పడుతుంది. ఉన్నదంతా అందులో వేయకండి. ఏడాదిలోపు మూసేస్తే ఇచ్చిన వడ్డీ కూడా వెనక్కి తీసుకుంటారు. ఆరు నెలల ఖర్చు, పై లెక్కలో 2,43,600, ఎప్పుడైనా తీసుకోగలిగే డిపాజిట్‌లో ఉంచాలి. ఖాతా ఇద్దరి పేరున, ఎవరైనా తీసేలా ఉండాలి. రిటైరైనవాళ్లు పింఛను కోసం ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి ఇంటి నుంచే ఇవ్వవచ్చు. అది మరిచిపోతే పింఛను ఆగుతుంది, కేర్‌టేకర్ జీతమూ ఆగుతుంది.

ఇల్లు పిల్లలకు దఖలు సెటిల్మెంట్ (బతికుండగానే హక్కు ఇచ్చేసే దస్తావేజు) రాసే ముందు, తిండి, వైద్యం, సంరక్షణ చూడాలన్న షరతును దస్తావేజులోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల సంరక్షణ చట్టం 23వ సెక్షన్ కింద దస్తావేజు రద్దు కోరాలంటే ఆ షరతే ఆధారం. అదే చట్టం కింద ఆర్డీవో ట్రిబ్యునల్ ఇప్పించగల భరణానికి గరిష్ఠం నెలకు 10,000. పైన చూపిన కేర్‌టేకర్ జీతంలో అది సగం కూడా కాదు. పిల్లలు లేనివాళ్లు, ఇల్లు తప్ప వేరే ఏమీ లేనివాళ్లు బ్యాంకులో రివర్స్ మార్ట్‌గేజ్ గురించి అడగవచ్చు: 60 దాటిన వాళ్లకు సొంత ఇల్లు తాకట్టు పెట్టి, అందులోనే ఉంటూ వాయిదాల్లో డబ్బు వస్తుంది, దాని మీద పన్ను లేదు, బతికి ఉండి ఆ ఇంట్లోనే ఉంటున్నంత కాలం అప్పు తీర్చమని అడగరు.

ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల కలెక్టర్లకు, వైద్య ఆరోగ్యాధికారులకు మా విన్నపం ఇది. ప్రతి ఆసుపత్రీ మంచాన ఉన్న రోగిని పంపేటప్పుడు అరపేజీ కాగితం తెలుగులో రాసివ్వాలి. రోజుకు ఎన్ని గంటలు మనిషి కావాలి, కేర్‌టేకర్ సరిపోతుందా నర్సు ఉండాలా, రోజుకు ఎన్ని డయాపర్లు, ఏ రకం గొట్టం వేశారు, మళ్లీ ఏ తేదీన మార్చాలి, ఫిజియోథెరపీ ఎన్నిసార్లు, ఏ మెషీను ఎన్ని గంటలు ఎన్ని నెలలు నడపాలి. ఆ కాగితం చివర సదరం దరఖాస్తుకు పనికొచ్చేలా వైకల్యం వివరం, డాక్టరు సంతకం ఉండాలి. ఇవన్నీ డిశ్చార్జి రోజున వార్డులో ఉన్న నర్సుకు తెలిసినవే, రాయడానికి పది నిమిషాలు చాలు.

ఇట్లు,
ఇళ్ల వద్ద వృద్ధుల సేవలో ఉన్న కొందరం,
బ్రాడీపేట, గుంటూరు.