సీసీ రోడ్డు కాగితాలు చదవడం నేర్పినవారికి కృతజ్ఞతలు

మా వాడ సీసీ రోడ్డు విషయంలో తోడు నిలిచిన అందరికీ వాడవాసుల తరఫున నమస్కారాలు. పల్చగా పోసిన ముక్కను పగలగొట్టి మళ్లీ వేశారు. పక్క కాలువ మాత్రం ఇంకా అలాగే ఉంది. వేరే ఊళ్లవాళ్లకూ పనికొస్తుందని, ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నామో వివరంగా రాస్తున్నాం.

ముందుగా రిటైర్డ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి. "రోడ్డు బాగాలేదు" అంటే ఏ ఆఫీసూ కదలదు, "ఎం-బుక్‌లో మందం ఇంత రాశారు, నేల మీద ఇంతే ఉంది" అంటే జవాబు చెప్పక తప్పదు అని ఆయన మొదటే చెప్పారు. ఎం-బుక్ అంటే కొలతల పుస్తకం. పొడవు, వెడల్పు, మందం అందులో ఏఈ రాస్తారు, పై ఇంజనీరు సరిచూసి సంతకం పెడతారు, బిల్లు దాన్నిబట్టే తయారవుతుంది. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల మందం ఉంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు పడాలి. మందం 100 మిల్లీమీటర్లే ఉంటే 30తో సరిపోతుంది. 1:1½:3 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర) ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు లెక్కన కాంట్రాక్టరుకు 120 బస్తాలు మిగులు. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. అంచుల్లో నిండుగా పోసి నడుమ పల్చన చేయడం మామూలు కాబట్టి అంచు కొలిచి తృప్తిపడకూడదు. కాంక్రీటు పోయకముందే, సెంట్రింగ్ (అంచుల అచ్చు పలకలు) బిగించాక, అడ్డంగా తాడు లాగి నడుమ లోతు టేపుతో చూడాలి. ఎండలో నిలబడి ఆ పని చేసిన డ్వాక్రా అక్కలకు ప్రత్యేకంగా దండాలు.

దరఖాస్తు దిద్దిపెట్టిన లాయర్ మేడమ్ మా చిత్తుప్రతిలో సగం కొట్టేశారు. "ఎందుకు నాసిరకంగా వేశారు?" లాంటి ప్రశ్నలకు సమాచార హక్కు చట్టంలో జవాబు రాదు. ఆఫీసులో ఉన్న కాగితమే అడగాలి, అభిప్రాయం కాదు. అలాగే "పూర్తి వివరాలు ఇవ్వగలరు" అని రాస్తే ఏదో ఒక పేజీ ఇచ్చి చేతులు దులిపేసుకుంటారు. ఆమె పేర్లతో రాయించారు: పరిపాలనా అనుమతి ఉత్తర్వు, సాంకేతిక మంజూరు, అంచనా ప్రతి, కాంట్రాక్టరుతో ఒప్పందం, ఎం-బుక్ పేజీలు, నాణ్యత పరీక్ష నివేదిక, చెల్లించిన బిల్లులు. కారణం చెప్పాల్సిన పనిలేదని సెక్షన్ 6(2) అంటుంది. మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండల స్థాయికి రూ.5, ఆపైన రూ.10. కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే చాలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు దాని రుజువు నకలు జతచేస్తే అదీ అక్కర్లేదు. ఒక ఆఫీసు బదులు ఇంకో ఆఫీసుకు పంపినా 5 రోజుల్లో వాళ్లే బదిలీ చేయాలి.

30 రోజుల్లో జవాబు రాకపోతే ఊరుకోకండి, మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి. చాలామంది పడిపోయేది ఇక్కడే. గడువు దాటాక ఇచ్చే కాగితాలకు డబ్బు కట్టనక్కర్లేదన్న సంగతీ చాలామందికి తెలియదు. కాంట్రాక్టరును మూడోపక్షంగా, అంటే ఆ సమాచారంతో సంబంధమున్న బయటి వ్యక్తిగా చూపితే గడువు 40 రోజులకు పెరగవచ్చు.

అన్నిటికంటే విలువైన సలహా, కాగితం ఇంటికి రావాలని కూర్చోవద్దనడం. సెక్షన్ 2(జె) ప్రకారం పనినీ రికార్డులనూ స్వయంగా తనిఖీ చేయవచ్చు, వాడిన సామగ్రి నమూనా కూడా అడగవచ్చు. రికార్డుల తనిఖీకి మొదటి గంట ఉచితం. ఆ రోజు విసుగులేకుండా పుస్తకాలు తీసి చూపిన ఆఫీసు సిబ్బందికి కృతజ్ఞతలు, అందరూ అలా ఉండరు.

ప్రభుత్వం మీద మామూలు జనానికి పట్టు ఎంత అని అడిగితే మా అంచనా ఇది. రోడ్డు ఎక్కడ వేయాలో తేల్చినప్పుడు మమ్మల్ని అడిగినవారు లేరు, బడ్జెట్ మీద మా మాట చెల్లదు. పని మొదలైనప్పటి నుంచి ఫైనల్ బిల్లు పాసయ్యేదాకా మాత్రం కొంత పట్టు ఉంది, అదీ కాగితం చేతిలో ఉంటేనే. బిల్లు పాసయ్యాక మిగిలేది ఒప్పందంలోని మరమ్మతు గడువు, అంటే లోపాలను కాంట్రాక్టరే బాగుచేయాల్సిన కాలం. అది ఎన్నాళ్లో చూసుకుని, ఆలోపే ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) గారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. నోటిమాట ఫిర్యాదు ఫైలులోకి ఎక్కదు. సమాచార కమిషన్ కాగితం ఇప్పించగలదు, రోజుకు రూ.250 చొప్పున రూ.25,000 దాకా అధికారికి జరిమానా వేయగలదు, కానీ రోడ్డు వేయించలేదు.

మేం చూడని మనుషులకూ ఒక దండం. రాజస్థాన్‌లో 1990లో మొదలైన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కూలీలు తమ కూలి లెక్కల మస్టర్ రోల్ నకళ్ల కోసం 1994 నుంచి బహిరంగ విచారణలు నడిపారు, 1996లో బ్యావర్‌లో ధర్నాకు కూర్చున్నారు. 2005 సమాచార హక్కు చట్టం వెనుక ఆ కూలీలున్నారు.

కాలువ అంచనా ప్రతికి దరఖాస్తు పెట్టాం. ఈసారి పని మొదలుకాకముందే. నమూనా దరఖాస్తు పంచాయతీ ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో ఉంది. ఆ షాపు నడిపే మా తమ్ముడు నకలు డబ్బులు కూడా తీసుకోవడం లేదు, కాబట్టి నకలు తీసే తెల్ల కాగితం మీరే పట్టుకెళ్లండి.