తెల్లమచ్చ నేర్పిన పాఠం

సంపాదకుడు గారికి,

రోగక్రిములను కావాలని వదిలే జీవాయుధాల దాడిని పసిగట్టే టెక్నాలజీ గురించి ఈ మధ్య తరచూ చదువుతున్నాం. రొయ్యల గుంటలు చేసుకునే మాకు అందులో కొంత పాతదే. వైరస్ ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్ష చేయించందే గుంటలో సీడ్ (రొయ్య పిల్లలు) వదలం. రోగం మోసుకొచ్చే పీతలు ఎక్కకుండా గట్టు చుట్టూ వల, పైన కాకులకు దారాలు, గేటు దగ్గర పర్మాంగనేటు తొట్టి. ఆ రంగు నీళ్లలో కాళ్లు ముంచందే మా బావమరిదిని కూడా లోపలికి రానివ్వను, అలిగినా సరే.

అయినా మూడేళ్ల కిందట మా గుంటకు తెల్లమచ్చ అనే రొయ్యల వైరస్ రోగం తగిలింది. ఎగువ రైతు గుంటలో రొయ్య చస్తుంటే ఎవరికీ చెప్పలేదు, బ్లీచింగ్ వేయకుండా నీళ్లు కాలవలోకి వదిలేశాడు. మాకు తెలిసేలోగా మా మోటారు ఆ నీళ్లే తోడేసింది. అతన్నీ అనలేను. రోగం సంగతి బయటపడితే కొనేవాళ్లు రేటు కోసేస్తారని భయం.

2024 ఫిబ్రవరిలో మా జిల్లాలోని చాటగొట్ల, గుమ్మళ్లదిబ్బల్లో బర్డ్ ఫ్లూతో కోళ్లు చనిపోతే శాంపిళ్లు భోపాల్ ల్యాబుకు వెళ్లాయి. అలాంటి వైరస్‌ను హై సెక్యూరిటీ ల్యాబులోనే తేల్చాలి, కాదనను. మొదటి పీసీఆర్ మాత్రం అదే రోజు జిల్లాలోనే జరగాలి. రోగం దానంతటదే వచ్చిందా, ఎవరైనా వదిలారా అన్నది తర్వాతి సంగతి. మొదటి రెండు రోజులు చేయాల్సిన పని రెండింటికీ ఒకటే.

2001లో అమెరికాలో ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక రోగపు క్రిముల పొడి పెట్టిన ఉత్తరాల వల్ల 5 మంది చనిపోయారు. తర్వాత 2003లో నగరాల్లో గాలిని పీల్చే బయోవాచ్ మిషన్లు పెట్టారు. ఫిల్టరు తీసి ల్యాబులో చూసి చెప్పేసరికి 12 నుంచి 36 గంటలు పట్టేది. ఆ ఉత్తరాల కేసు బయటపడింది మాత్రం, ఫ్లోరిడాలో ఒక డాక్టరు రోగి వెన్ను నీటిని మైక్రోస్కోపులో చూసి అనుమానించబట్టి.

అందుకే ఖరీదైన సెన్సార్ల కన్నా ముందు, కోవిడ్ నాడు వాడిన ఆర్‌టీపీసీఆర్ మిషన్లతో నెల్లూరు డ్రైనేజీ నీళ్లు, కృష్ణపట్నం పోర్టు దగ్గరి మురుగు రోగక్రిముల కోసం వారం వారం పరీక్షించండి. మనుషుల జ్వరాలు, కోళ్ల చావులు, రొయ్యల చావులు తలా ఒక శాఖ లెక్కలో ఉండిపోకుండా కలెక్టరేట్‌లో ఒకే స్క్రీన్ మీద కనిపించాలి. రోగం వచ్చిందని ఫోన్ చేసిన రైతు పేరు బయటపెట్టొద్దు. ఆ గుంటకు వేసే బ్లీచింగ్ ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాలి.

ఇట్లు,
ఒక ఆక్వా రైతు,
విడవలూరు మండలం, నెల్లూరు జిల్లా