నజరానా సంగతి తర్వాత, ముందు రైలు టికెట్టు సంగతి చూడండి

గౌరవనీయులైన రాష్ట్ర యువజన, క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేస్తున్నాను. మా యూనివర్సిటీ అమ్మాయిల కబడ్డీ జట్టుకి మేనేజరుని, కోచ్‌ని, ఎవరికైనా జ్వరమొస్తే నర్సుని కూడా నేనే. 2024లో వచ్చిన క్రీడా విధానం గురించి చదివాను. ఒలింపిక్స్ బంగారు పతకానికి నజరానా 75 లక్షల నుంచి 7 కోట్లకి పెంచారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటా 2 శాతం నుంచి 3 శాతం చేశారు. చాలా సంతోషం. రెండోది మాకు మరీ సంతోషం, మా పిల్లల్లో చాలామంది ఆడేది ఆ కోటా మీద ఆశతోనే. కానీ పైన కోట్లు పెట్టి, కింద రైలు టికెట్టుకి డబ్బుల్లేకుండా చేస్తే ఆ కోట్లు తీసుకునేవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారండీ?

చిన్న యూనివర్సిటీ జట్టు ఎలా తయారవుతుందో కాస్త చెప్పనివ్వండి. క్యాంపస్‌లో చదివేవాళ్ళు కొద్దిమందే. ఆడేవాళ్ళంతా అనుబంధ కాలేజీల్లో ఉంటారు, గోదావరికి ఈ గట్టున కొందరు, ఆ గట్టున కొందరు. కాలేజీల మధ్య పోటీలు పెట్టి, వాళ్ళలోంచి పన్నెండుమందిని తీస్తాం. ఆ తర్వాత కోచింగ్ క్యాంపు జరగాలి. కాగితం మీద జరుగుతుంది కూడా. భోజనాల డబ్బు విడుదల కాక, అది కాస్తా కుదించుకుపోయి మూడు నాలుగు రోజులకి వస్తుంది. ఒకరి ఆట ఒకరికి అర్థమయ్యేలోపే దక్షిణ మండల పోటీలకి, అంటే దక్షిణాది యూనివర్సిటీల మధ్య జరిగే సౌత్ జోన్ పోటీలకి, రైలెక్కాలి. ఓడిపోయి వచ్చాక ఎవరి ఊరు వాళ్ళది. మళ్ళీ ఏడాది దాకా ఆ జట్టు అనేది ఉండదు. ఈ సౌత్ జోన్‌లో గట్టెక్కితేనే అఖిల భారత పోటీలు, అక్కడ నిలబడితేనే ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్. మేం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నాం.

మా పిల్లలు మట్టిలో ఒట్టి కాళ్ళతో ఆడి పెరిగినవాళ్ళు. అక్కడ పోటీలేమో మ్యాట్ మీద. మట్టిలో కాలి వేళ్ళు నేలలోకి దిగుతాయి. కూతకెళ్ళిన పిల్ల బోనస్ గీత దాటి, టక్కున వెనక్కి తిరగాలంటే ఆ పట్టే ఆధారం. మ్యాట్ మీద బూట్లతో తిరగాలి, ఒంటి బరువు వేసే తీరే వేరు. పోయినసారి మా రైడరు మొదటి కూతలోనే అలవాటు ప్రకారం మడమ మీద తిరగబోయి జారింది. తేరుకునేలోపు నలుగురు మీద పడ్డారు. మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయాయి, మ్యాట్ రాపిడి కాలిన గాయంలాగే మండుతుంది. బూట్లు కూడా ఆ పిల్లవి కావు, వాళ్ళ కాలేజీలో వాలీబాల్ ఆడే అమ్మాయివి. పెద్దవైతే ముందు భాగంలో దూది కుక్కుకుని వేసుకుంది. ఆ జారడం చూసి అవతలి జట్టు వాళ్ళు నవ్వలేదు. వాళ్ళలోనూ అలా వచ్చినవాళ్ళు ఉన్నారేమో. అమ్మాయిల కబడ్డీ కోర్టు 12 మీటర్లు పొడవు, 8 మీటర్లు వెడల్పు. అంతమేర మ్యాట్ ఒకటి మా ప్రాంతంలో ఉంటే ఈ గొడవ సగం తీరుతుంది.

ఇక ప్రయాణం. పోటీల తేదీలు వచ్చాక ఫైలు కదలాలి, అడ్వాన్సు రావాలి. ఈలోగా స్లీపర్ నిండిపోయి వెయిటింగ్ లిస్టు దొరుకుతుంది. ఉన్న రెండు మూడు బెర్తుల్లో పిల్లలు వంతులవారీగా నడుం వాలుస్తారు. దిగగానే మ్యాచ్. ఖర్చు మేనేజర్లే జేబులోంచి పెట్టుకుని తర్వాత బిల్లు పెడతారు. ఒకసారి స్టేషన్ నుంచి గ్రౌండుకి వెళ్ళిన ఆటోలకి రసీదుల్లేవని ఆడిట్‌లో అభ్యంతరం రాశారు. ఏ ఊళ్ళో ఆటో అతను రసీదు ఇస్తాడో నాకైతే తెలియదు.

డబ్బే లేదా అంటే, ఉంది. ప్రతి విద్యార్థి కట్టే ఫీజులో ఆటల ఫీజు అని ఒక పద్దు ఉంటుంది. కానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పడినప్పుడల్లా కాలేజీ యాజమాన్యాలు మొదట ఆపేది ఆ పద్దునే. యూనివర్సిటీని అడిగితే కాలేజీలు కట్టలేదంటారు. ప్రభుత్వాన్ని అడిగితే యూనివర్సిటీలు ఉన్నత విద్యాశాఖ కిందికి వస్తాయి, మాకు సంబంధం లేదని క్రీడల శాఖవారు అంటారు. ఆటలు మా పని కాదని విద్యాశాఖవారు అంటారు. అందుకే ఇద్దరికీ వినపడేలా బహిరంగంగా రాస్తున్నాను.

యూనివర్సిటీ పోటీలంటే కాలక్షేపమనుకునేవారికి ఒక్క సంగతి గుర్తుచేస్తాను. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ అథ్లెటిక్స్ జరిగాయి. అక్కడ విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 100 మీటర్ల హర్డిల్స్‌ని 13.03 సెకన్లలో దాటింది. అప్పటికి జాతీయ రికార్డు 2002 నాటి 13.38. అయినా ఆమె పరుగు రికార్డులకి ఎక్కలేదు. అక్కడ డోపింగ్ పరీక్ష చెయ్యలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు, అదీ కారణం. అమ్మాయి పరుగులో ఏ లోటూ లేదు, ఏర్పాట్లలోనే ఉంది. రికార్డు అధికారికంగా ఆమె పేరెక్కడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది.

మా అమలాపురం బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్‌ని మీరూ వేదికల మీద తలుచుకుంటూనే ఉంటారు. థామస్ కప్, ఆసియా క్రీడల బంగారం, ఖేల్ రత్న, మాకు గర్వం కాక మరేమిటి! అయితే ఆయన తండ్రి స్వయంగా వ్యాయామ ఉపాధ్యాయుడు, కొడుకుని చిన్న వయసులోనే హైదరాబాద్ అకాడమీకి పంపగలిగారు. పంపలేనివాళ్ళ పిల్లలే మా దగ్గర మిగిలేది. వాళ్ళకి అకాడమీ అయినా, ఇంకేమైనా యూనివర్సిటీ జట్టే.

గ్రౌండ్ గురించి ఎక్కువ చెప్పను. ఒండ్రుమట్టి నేల, వానకి బురద, ఎండకి నెర్రెలు. చుట్టూ డ్రెయిను తవ్వి, గ్రావెల్ పోసి ఎత్తు చేస్తే ఇంకో నాలుగు నెలలు ఆడుకోవచ్చు. ఎగ్జిబిషన్లకీ సభలకీ ఇచ్చినప్పుడు పాతిన గుంజల గుంతలు పూడ్చి వెళ్ళమనండి చాలు. సంక్రాంతికి మూడు రోజుల కోడిపందేల బరికి ఫ్లడ్‌లైట్లు, ఎల్ఈడీ తెరలు వచ్చేస్తాయి మా జిల్లాల్లో. ఏడాది పొడవునా ఆడే పిల్లలకి మాత్రం సాయంత్రం ఆరు దాటితే చీకటే.

డబ్బుతో పనిలేనివి కూడా రెండున్నాయి. దక్షిణ మండల పోటీలు, సెమిస్టర్ పరీక్షలు తరచు ఒకే సమయంలో పడతాయి. యూనివర్సిటీకి ఆడటానికి వెళ్ళిన పిల్లకి ఆ యూనివర్సిటీయే ఆబ్సెంట్ వేసి సప్లీ రాయమంటుంది. మా జట్టులో బాగా ఆడే పిల్ల ఒకామె ఈ టెన్షన్ పడలేకే మానేసింది. వాళ్ళకి విడిగా పరీక్ష పెట్టమని ఒక్క ఉత్తర్వు చాలు. రెండోది ఫారం 3. కేంద్ర ఉద్యోగాల్లో క్రీడా కోటాకి, యూనివర్సిటీ తరఫున ఆడినట్టు ఆ ఫారం మీద సంతకం కావాలి. నోటిఫికేషన్ గడువు దాటాక సంతకమైతే దాన్ని ఏం చేసుకోవాలి? పోటీల నుంచి వచ్చిన నెలలోపు ఇవ్వాలని గడువు పెట్టించండి.

ఆటల ఫీజు పద్దు విడిగా ఉంచి, కోచింగ్ క్యాంపు, ప్రయాణం అడ్వాన్సు దాంట్లోంచి ముందే ఇప్పించమని ఉన్నత విద్యాశాఖవారితో ఒకసారి కూర్చుని మాట్లాడండి. ఈ ఏడాది మా ఎంపికలు దసరా సెలవులయ్యాక. ఆలోగా ఏదో ఒకటి తేలితే ఈసారి జట్టుకే పనికొస్తుంది. మీ పేషీ నుంచి ఎవరైనా అడిగితే గత పోటీల ఖర్చు లెక్కలన్నీ రసీదులతో సహా పంపిస్తాను, ఆటోలవి తప్ప.

ఇట్లు
ఒక ఫిజికల్ డైరెక్టరు,
కోనసీమ